ఎర్ర ముక్కు గింజ

అన్నానికి ముందు చేతులు కడుక్కోవడం మా పెద్దమ్మ ఇంట్లో ప్రార్థన కంటే పెద్ద నియమం. ఆ సాయంత్రం పెరట్లో గోలెం దగ్గర వంగి చెంబుతో నీళ్ళు పోసుకుంటుంటే, నా కుడిచేతి బొటనవేలి గోరు కింద నుంచి గులాబీ రంగు చార ఒకటి దిగింది. వెంట్రుక మందం కూడా లేదు. రక్తమనుకున్నాను. గోరు నొక్కి చూశాను, నొప్పి లేదు. ఇంకో చెంబు పోశాను. చార పలచబడి మణికట్టు దాకా జారి, అక్కడి నుంచి చుక్కై రాలింది. అప్పుడు పొద్దుటి గింజలు గుర్తొచ్చాయి. ఆ పొద్దున నేను చాట పట్టి చూసిన మొక్కజొన్నలు అప్పటికి పిండయి, మూటయి, రెండు వాగులు దాటి కన్నమ్మ ఇంటి పొయ్యి దగ్గరకు చేరి ఉంటాయి. కన్నమ్మకు ముగ్గురు పిల్లలు. నాకు పన్నెండేళ్ళు.

పెద్దమ్మ పేరు కరుణమ్మ. మా అమ్మకు సొంత అక్క. మేముండేది టేకులపల్లి అవతల, అయిదో తరగతితో బడి ఆగిపోయే ఊరు. హైస్కూలు చదువుకని నన్ను జూలూరుపాడులో ఆమె ఇంట్లో పెట్టారు. ఇంటి ముందువైపు పిండి గిర్ని, వెనక రెండు గదులు, మధ్యలో ఒక గోడ. అటువైపు మిషన్ తిరిగితే ఇటువైపు అలమరలో గ్లాసులు కదిలేవి. పొద్దున లేచేసరికి ముక్కులోకి వేడెక్కిన రబ్బరు బెల్టు వాసన, రాతి కింద నలిగిన జొన్నల పచ్చి వాసన, వాటి వెనక ఎక్కడో నిన్నటి కారం ఘాటు వచ్చేవి. పెద్దమ్మ కనురెప్పల మీద ఎప్పుడూ పిండి ఉండేది. పెద్దనాయన మిషన్ నడిపేవాడు. చెవుల్లో దూది పెట్టుకుని, ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి. "పేరేమో కరుణమ్మ, నోరేమో కారం గిర్ని" అని ఊళ్ళోవాళ్ళు ఆమెకు వినపడేట్టే అనేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళకు వినపడేట్టే, "కారముంటేనే కూడు దిగుతది. దిగనోళ్ళు బెల్లం గిర్ని ఏడున్నదో ఎతుక్కోన్రి" అనేది.

ఊళ్ళో ఇంకో రెండు గిర్నీలున్నా కారేపల్లి వైపు నుంచి కూడా సైకిళ్ళకు మూటలు కట్టుకుని మా దగ్గరకే వచ్చేవాళ్ళు. తిట్లు పడటానికి అంత దూరం ఎందుకొస్తారో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. కొన్నాళ్ళు చూస్తే తెలిసింది. పెద్దమ్మ గిర్నిలో పట్టిన జొన్నపిండిలో కారం వాసన రాదు. కారం పట్టిన తరువాత ఒక గిన్నెడు తవుడు రాళ్ళ మధ్యకు పంపి, అది ఎర్రగా దిగితే పారబోసి, ఇంకో గిన్నెడు పంపి, అది తెల్లగా దిగితేనే తరువాతి మూట విప్పనిచ్చేది. కరెంటు పోయే వేళవుతున్నా, వరసలో ఉన్నవాళ్ళు గొణిగినా అంతే. ఏ మూట ఎవరిదో పేరు అడిగేది కాదు, ముడి చూసి చెప్పేది. పైన డబ్బాలో గింజలు పోసే చప్పుడు వింటూనే "ఆపు" అని అరిచి, చెయ్యి పెట్టి ఇనుప మేకు తీసిన రోజు నాకు గుర్తుంది. ఇంకో రోజు ఒకామె బియ్యంలో ముక్కుపుల్ల దొరికింది. ఎవరికీ చెప్పకుండా కొంగు చివర ముడేసుకుని, ఆ ఆడమనిషి మళ్ళీ వచ్చేదాకా పదిహేను రోజులు దాచింది. చేతిలో పెట్టేటప్పుడు మాత్రం అందరి ముందూ అంది, "మొఖం మీదున్నది పోతెనే తెల్వలేదు నీకు, ఇగ పిల్లల్ని ఏం కాస్తవే?" ఆ మనిషి ముక్కుపుల్ల దొరికినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక నిలబడిపోయింది. పెద్దమ్మ మంచితనం ఎప్పుడూ అలాగే వచ్చేది, చెంపదెబ్బ వెనకాల.

నాకు ఆమె అప్పజెప్పిన పని చాట. ఏ మూట వచ్చినా ముందు రెండు దోసిళ్ళు చాటలో పోసుకుని, వెలుతురుకు ఎదురుగా కూర్చుని చూడాలి. పైపైన చూస్తే కుదరదు. మొక్కజొన్న గింజకు కంకిని అంటుకుని ఉండే సన్నటి మొన ఉంటుంది కదా, దాన్ని ఆమె ముక్కు అనేది. "ఇత్తనాలకు మందు పట్టిస్తరు. పురుగు పట్టకుండ ఎర్ర మందు. కడిగితే ఒళ్ళంత తెల్లగైతది, ముక్కు సందులది మాత్రం పోదు. ఒళ్ళు అబద్ధం చెప్తది, ముక్కు చెప్పదు. ముక్కు చూడు" అని నా తల వంచి చాటలోకి ఆనించేది. వానలు పడి విత్తుకున్నాక మిగిలిన గింజలు ఇళ్ళల్లో ఉండే రోజులవి. పాతగింజలు అయిపోయి కొత్తపంట రాని రోజులు కూడా అవే.

చాట నాది, నాలుక ఆమెది. ప్రతి మూటలో మొదట దిగిన పిండి చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తలూపేది. ఆ తరువాతే గుడ్డసంచి కట్టేవాళ్ళు. పిండి మాడినా, పుచ్చు గింజలు పడినా ఆమె నాలుకకు తెలిసేది. రోజుకు ముప్పై నలభై మూటలు, అన్నిటిదీ చిటికెడు. "కరుణమ్మకు పొయ్యి ఎందుకు, ఊరందరి ఇంట్ల తినే వస్తది" అని పెద్దనాయన ఒక్కడే ఆమెతో పరాచికమాడగలిగేవాడు.

ఆ వేసవి సెలవుల చివర్లో, కన్నమ్మ రావడానికి పది రోజుల ముందు, నేనొక మూట ఆపాను. ఊళ్ళో పెద్దింటి వాళ్ళ జొన్నలు. గింజల మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. చాట ఎత్తి "పెద్దమ్మా, మందు" అన్నాను, కొంచెం గర్వంగానే. వరసలో వాళ్ళంతా తలలు తిప్పారు. పెద్దింటామె మొహం మాడిపోయింది. పెద్దమ్మ వచ్చి గింజలు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, అదే చేత్తో నా చెంప మీద కొట్టింది. పిండి చెయ్యి. చెంప మీద అయిదు వేళ్ళూ తెల్లగా పడ్డాయట, అద్దంలో చూసుకునేదాకా నాకు తెలియదు. "కంకి మీదుండంగ వానకు తడిసిన మచ్చకు, మందుకు తేడ తెల్వదు నీకు. గిరాకిని తరుముతవా? కండ్లున్నయా, గవ్వలున్నయా?" వాళ్ళందరూ నవ్వారు. ఆ మొహాన్ని కడుక్కోకుండా మధ్యాహ్నం దాకా చాట పట్టమంది. వచ్చిన ప్రతి మనిషీ నా చెంప చూసి ఏమైందని అడగడం, వరసలో ఎవరో ఒకరు చెప్పడం. ఆ రోజు ఎన్నిసార్లు నా కథ చెప్పారో నేను లెక్కపెట్టలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ నవ్వుల్లో ఎవరిది ఏదో గుర్తుపట్టగలను.

కన్నమ్మ వచ్చిన రోజు పెద్దమ్మ లేదు. మిషన్‌కు కొత్త బెల్టు తేవడానికి పొద్దున్నే కొత్తగూడెం బస్సెక్కింది. పదకొండింటికి కరెంటు పోతుందని వరసలో తొందర. కన్నమ్మ అడవి అంచున ఒక గుంపులో ఉండేది. మా వైపు కోయవాళ్ళ చిన్న పల్లెలను గుంపులంటారు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. ఒక ఆసామి చేలో వారం రోజులు విత్తనాలు పెట్టింది. కూలి కింద అతను మూడు కుంచాల మక్కలు, అదే మొక్కజొన్నలు, ఇచ్చాడు. చాటలో పోసుకుని వంగాను.

ఇక్కడ నేను ఇరవై ఏళ్ళుగా చెబుతూ వచ్చిన అబద్ధం ఒకటి ఉంది. గోరు కింద రంగు దిగినప్పుడే నాకు మొదట తెలిసిందని అందరితో అన్నాను. పెళ్ళయ్యాక మా ఆయనతో కూడా అలాగే చెప్పాను. నిజానికి చాటలోనే చూశాను. ఒక గింజ ముక్కు సందులో ఎరుపు కనిపించింది. బొటనవేలి గోరుతో గీరితే పొడిలా రాలింది. ఇంకోటి చూశాను, ఇంకోటి. నాలుగు దొరికాయి. తలెత్తాను. వరసలో మూడో మనిషి పెద్దింటామె. నన్నే చూస్తూ, "ఏం సదువులమ్మా, ఇయ్యాల ఎవరి గింజల ముక్కులు కోస్తున్నవ్?" అంది. అందరూ నవ్వారు. కన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. నా పక్కన గొంతుకూర్చుని, "ఏమన్న ఉన్నదా పిల్లా?" అని అడిగింది. మెల్లగా అడిగింది, నేను ఉందంటే మూట కట్టుకుని లేచిపోయేదే.

"ఏం లేదు" అన్నాను.

నాలుగు గింజలూ చాటలోనే వదిలేసి, చాట ఎత్తి డబ్బాలోకి వంచాను. మొదటి పిండి నాలుక మీద వేసుకునే మనిషి ఆ రోజు కొత్తగూడెంలో ఉంది.

సాయంత్రం, కొత్తగూడెం నుంచి తిరిగొచ్చిన పెద్దమ్మ కంట గోలెం దగ్గర నా చెయ్యి పడింది. మణికట్టు పట్టుకుని గోరు వెలుతురుకు తిప్పి చూసింది. "ఎవరి గింజలు?" అంది. చెప్పాను. "చూసినవా?" అంది. "చూడలే" అన్నాను. ఆమె రెండోసారి అడగలేదు. పెద్దనాయనను ఆటో కోసం పంపి, కన్నమ్మ తరువాత పిండి పట్టించుకున్న ఇద్దరి ఇళ్ళకు కూడా వెళ్ళి ఆ పిండి వెనక్కి తెమ్మని చెప్పి, నా చెయ్యి వదలకుండానే రోడ్డెక్కింది. "పరుగెత్తు. పడితె ఆగను" అంది. నేను పడ్డాను. ఆగలేదు. మొదటి వాగులో మోకాళ్ళ దాకా నీళ్ళున్నాయి. నా చెప్పు ఒకటి కొట్టుకుపోతుంటే అటు చూశాను, ఆమె నా జడ పట్టి ముందుకు తిప్పింది.

పొద్దు ఇంకా ఉంది. కన్నమ్మ ఇంటి కప్పు మీద నుంచి పొగ మెల్లగా లేస్తోంది. ఆ పిండితో గట్క, అంటే సంకటి, వండి, కుండ దించి, ఆరడానికి వాకిట్లో పెట్టింది. ఇద్దరు మగపిల్లలు కుండకు చెరోవైపు కూర్చుని ఆవిరి చూస్తున్నారు. పెద్దమ్మ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళి కుండను కాలితో తన్నింది. గట్క బురదలో పారింది. నాకడానికి వచ్చిన కుక్కను కట్టెతో కొట్టింది. పిల్లలు ఏడవలేదు, నోళ్ళు తెరిచి చూస్తున్నారు. చిన్నవాడు బురదలోకి చెయ్యి పెట్టబోతే వాడినీ కొట్టింది. కన్నమ్మ ఇంట్లోంచి వచ్చి వాకిలి చూసి, "ఏం పాపం జేసినమని గిట్ల జేస్తివి? రెండు దినాల నుంచి కూటికి చూస్తున్నరు పిల్లలు. నువ్వు పెట్టకున్నా మంచిదే, వండిన కూడు తన్నుతవా?" అంది. గొంతు పెంచలేదు. గుంపులో మనుషులు చేరారు. ఎవరి చేతిలోనో గొడ్డలి ఉంది.

పెద్దమ్మ వాటినేవీ పట్టించుకోలేదు. "చిన్నదేది?" అంది. కన్నమ్మకు ఇద్దరు మగపిల్లల తరువాత మూడేళ్ళ ఆడపిల్ల, బుజ్జి. ఆకలికి ఆగడం లేదని దానికొక్కదానికి ముందే పలచగా జావ తీసి పోసిందట. లోపల చాప మీద పడుకుని ఉంది. నోటి నుంచి చొంగ కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు. పెద్దమ్మ బిడ్డను భుజాన వేసుకుంది. ఆ తరువాత ఆమె చేసినవి నాకు ఇప్పటికీ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. బుజ్జి తాగిన గిన్నె అడిగి తీసుకుంది. గిన్నె లోపల జావ ఎక్కడిదాకా పోశారో, ఎంత మిగిలిందో వేలితో గీత చూసింది. ఖాళీ సంచి తిరగేసి, కుట్టు సందులో ఇరుక్కున్న రెండు గింజలు గోటితో తీసి, గుప్పెడు పిండితో కలిపి కొంగున ముడేసుకుంది. "పోసి ఎంత సేపాయె?" అని అడిగి, కన్నమ్మ చెప్పలేకపోతే, "గొడ్లు ఇంటికి రాకముందా, వచ్చినంకనా?" అని అడిగింది.

ఊళ్ళో దవాఖానాలో డాక్టర్ లేడు. ఆటోలో కొత్తగూడెం పోయాం. అక్కడి డాక్టర్ ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అని వరసగా అడిగాడు. పెద్దమ్మ గిన్నె బల్ల మీద పెట్టి, వేలితో గీత చూపించి, కొంగు ముడి విప్పింది. ఆయన గింజను దీపం కింద తిప్పి చూసి ఆమె వంక ఒకసారి చూశాడు. "జొరం అని తెచ్చి ఉంటే నాకు సగం రోజు పోయేది. అంత టైం ఈ పిల్లకు లేదు" అన్నాడు.

బుజ్జి బతికింది. నాలుగో రోజు ఇంటికొచ్చింది. తరువాత చాలా నెలలు దాని కుడిచెయ్యి వణికేది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు అంచు దాటి మీద పడేవి. అది మందు వల్ల వచ్చిందా, ముందు నుంచీ ఉందా అని అడిగితే డాక్టర్ చెప్పలేనన్నాడు. కన్నమ్మ కూడా ముందు చూసినట్టు లేదంది, లేదని గట్టిగానూ అనలేదు. ఆ సందేహంలో నాకు కొంచెం చోటు దొరుకుతుందేమోనని చాలాకాలం వెతుక్కున్నాను.

ఆ వారమే ఆసామి తన జొన్నలు పట్టుకుని గిర్నికి వచ్చాడు, ఏమీ జరగనట్టు. పెద్దమ్మ అతని మూట నేల మీద కుమ్మరించి, వరసనంతా నిలబెట్టి, గంటసేపు ఏరింది. అతను విసుక్కుంటే అప్పుడు కన్నమ్మకిచ్చిన మందు గింజల సంగతి అడిగింది. అతను చెప్పిన జవాబు ఇది: "ఊరికె ఇచ్చిన్నా? రెండు నీళ్ళు కడిగిచ్చిన." కడిగాడంటే తెలుసన్నమాట. తెలిసే, ఎండబెట్టి, సంచిలో పోసి, వారం రోజుల కూలి చేతిలో పెట్టాడు. పెద్దమ్మ అతని జొన్నలు పట్టింది. మొదట దిగిన పిండి చిటికెడు కాదు, పిడికెడు తీసి, "ఇయ్యాల నా నాలుక బాగలేదు. నువ్వు చూడు" అని అతని మొహం ముందు పెట్టింది. పొడి పిండి పిడికెడు. అందరూ చూస్తుంటే మింగలేక దగ్గాడు. జనం నవ్వారు. అతనికి జరిగింది అంతే. వచ్చే ఏడూ అదే చేలో అదే మనుషులు విత్తనాలు పెట్టారు.

నాకు జరిగింది వేరు. బుజ్జి ఇంటికొచ్చిన మర్నాడు పెద్దమ్మ నన్ను గుంపుకు తీసుకెళ్ళి వాకిట్లో నిలబెట్టింది. "చాట పట్టింది ఈమె. చూడలే" అంది అందరికీ వినపడేట్టు. ఇంకేం చెప్పలేదు. కొత్త మక్కలు వచ్చేదాకా ప్రతి శనివారం మా ఇంటి పిండి నెత్తిన పెట్టుకుని నేను నడిచి రావాలని, కన్నమ్మ వండినదాంట్లో మొదటి ముద్ద నేను తినాలని, తిన్నాక ఆమె మామ ఒక చుట్ట కాల్చడం పూర్తయ్యేదాకా పిల్లలెవ్వరూ కుండ ముట్టకూడదని చెప్పింది. మా అమ్మకు కబురు వెళ్ళింది. అమ్మ ఏమీ అనలేదు, అక్కంటే ఆమెకూ భయమే.

ఎన్ని శనివారాలో చెప్పలేను. వాన, జలగలు, నెత్తిన పిండి తడవకుండా తాటాకు గొడుగు. కన్నమ్మ నాతో మాట్లాడేది కాదు. ముద్ద నా చేతిలో పెట్టి వెళ్ళి గడపలో కూర్చునేది. నేను నమిలి మింగేవరకూ ముగ్గురు పిల్లలూ నా గొంతు వంక చూసేవాళ్ళు. ముసలాయన చుట్ట వెలిగించి, కావాలనే ఆగి ఆగి పీల్చేవాడు. "ఇంక బతికే ఉన్నదారా పిల్ల?" అని మనవళ్ళను అడిగేవాడు. "ఉన్నది తాతా" అనేవాళ్ళు వాళ్ళు, కొంచెం నిరాశగా. ఒకసారి పెద్దవాడు, "ఇయ్యాల కండ్లు తేలేస్తున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. బుజ్జి కూడా నవ్వింది, చేతిలో గ్లాసు ఒలికిపోతుంటే. గట్క చల్లారిపోయేది. ఆకలిగా ఉన్న పిల్లల ముందు ఒక్కదాన్నే తినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ముద్ద ఉప్పగా ఉందా, చప్పగా ఉందా అనేది మాత్రం ఒక్కసారీ తెలియలేదు.

అలా నాకు చూపు వచ్చింది. దాన్ని కాదనలేను. డిగ్రీలో ల్యాబ్ మేడమ్ నన్ను చూసి ముచ్చటపడేది, సీసా మీద కాగితం కంటే ముందు సీసా అడుగు చూస్తానని. ఖమ్మంలో కిరాయి ఇల్లు చూడటానికి పోతే గోడల రంగు కంటే ముందు గ్యాస్ పైపు పెట్టే మూల చూస్తాను. రెండేళ్ళ నుంచి ఇంట్లోనే రాగి మాల్టు, పప్పుల పొడులు చేసి అమ్ముతున్నాను. చుట్టుపక్కల తల్లులు పసిపిల్లలకు నా ప్యాకెట్టే పెడతారు, "నువ్వు ఏరినంత ఎవరు ఏరుతరమ్మా" అంటారు. ఇప్పుడు గిర్నికి పోయి పిండి పట్టించుకునేవాళ్ళు తక్కువ. మెరిసే సంచిలో మూతి అతికించి వస్తుంది. దాన్ని ఎవరు చూశారో, అసలు చూశారో లేదో, సంచి చెప్పదు. నా పిల్లల నోట్లోకి పోయే ప్రతిదీ ముందు నా నాలుక మీద పడాల్సిందే. "అమ్మ ఎంగిలి చేయనిది మాకు ఏదీ రాదు" అని నా కూతురు కీర్తన వాళ్ళ నాన్నకు చెబుతుంది. ఇలా రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్ళి సిలిండర్ రెగ్యులేటర్ తిప్పి చూసొచ్చాను.

పోయిన నెల పెద్దమ్మను చూడటానికి జూలూరుపాడు వెళ్ళాను. మిషన్ ఎప్పుడో అమ్మేశారు. పెద్దనాయన లేడు. గోడకు అటువైపు ఎవరో సెల్‌ఫోన్ రీచార్జి షాపు పెట్టుకున్నారు, అలమరలో గ్లాసులు కదలడం లేదు. ఆమె కళ్ళకు పొర వచ్చింది. మంచం మీద నుంచే నా చెయ్యి తడుముకుంటూ బొటనవేలు దొరికించుకుంది. గోరు మీద వేలు పెట్టి నొక్కింది.

"గా దినం నువ్వు చూసినవు" అంది.

వేలు వెనక్కి తీసుకోబోయాను, వదల్లేదు.

"గోరు కింద రంగు ఊరికె రాదు. గీరితెనే వస్తది. గీరినవంటె చూసినవు. నాకు గోలెం కాడనే తెలుసు."

"మరి అందరికీ చూడలేదని ఎందుకు చెప్పినవు?"

"చూసి చెప్పలేదంటె వాళ్ళు నిన్ను బతకనిచ్చేటోళ్ళా? నిన్ను గుంపుకు తోలింది చూడనందుకు కాదు. చెప్పనందుకు."

నా నోటి దాకా వచ్చింది. చెప్పకపోవడం ఎవరి చేతి కింద నేర్చుకున్నానో అడగాలనుకున్నాను. చెంప మీద అయిదు తెల్లటి వేళ్ళు, మధ్యాహ్నం దాకా నవ్వులు. అది ఆమెకు గుర్తుందో లేదో. ముక్కు సందులో రవ్వంత ఎరుపు చూడగలిగిన మనిషి, ఎదురుగా కూర్చున్న పన్నెండేళ్ళ పిల్ల మొహంలో భయాన్ని చూడలేదు. అడగలేదు నేను. అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. ఆ తరువాత తొమ్మిది రోజులకు పెద్దమ్మ పోయింది. వస్తువులేమైనా కావాలా అంటే చాట ఒక్కటి తెచ్చుకున్నాను.

నిన్న సాయంత్రం రబ్బరు కోసం కీర్తన పెన్సిల్ డబ్బా తెరిచాను. దానికి ఎనిమిదేళ్ళు. డబ్బా మూలలో కాగితం చుట్టి ఒక గాజు పెంకు ఉంది, బియ్యపు గింజంత, ట్యూబులైటుది.

"ఇదేంది?"

"రాగుల్ల దొరికింది."

"ఎప్పుడు?"

"మొన్న. నువ్వు చాట ఇచ్చి ఏరమన్నవు గదా, అప్పుడు."

"మరి చెప్పలేదేం?"

అది నా చేతుల వంక చూసింది. మొహం వంక చూడలేదు. "మట్టిపెళ్ళను రాయన్ననని పోయిన వారం కొట్టినవ్ గదా. మళ్ళీ తప్పైతదేమో అని" అంది. తమ్ముడు పక్క నుంచి, "నాకు చూపించింది, చెప్పొద్దన్నది" అన్నాడు. వాడికి నాలుగేళ్ళు.

ట్యూబులైటు పగిలితే ఒక్క పెంకే ఉండదు. ఆ రాగులు అప్పటికే వేయించి, మర పట్టించి, ప్యాకెట్లు చేశాను. రెండు ప్యాకెట్లు వెళ్ళిపోయాయి. చెప్పులు వేసుకుని పరుగెత్తాను. ఒకరింట్లో ఇంకా విప్పలేదు. రెండో ఇంట్లో ఆమె పాలు పొయ్యి మీద పెట్టి, చెంచాతో పొడి తీస్తోంది. చెంచాను చేతిలోంచి లాగేసుకున్నాను. ఏమైందని అడిగింది. గాజు అని చెప్పాను. ఇంకెప్పుడూ నా దగ్గర కొనదు. మిగిలినవన్నీ విప్పి పారబోసి, చాట కడిగి గోడకు ఆనించి, రాత్రంతా దాని ఎదురుగా కూర్చున్నాను. కీర్తన నిద్రలో కూడా కుడిచెంప దిండుకు ఆనించి, దాచుకుని పడుకుంది.

ఈ ఉదయం బడికి పంపేముందు ఇద్దరినీ ఆ చాట ముందు కూర్చోబెట్టాను. ఇరవై ఏళ్ళలో ఎవరికీ చెప్పనిది చెప్పాను: నేను గింజ చూసిన, చూసి చెప్పలే, ఒక పాప చెయ్యి చాలా రోజులు వణికింది.

"ఎందుకు చెప్పలే?" అంది కీర్తన.

"మా పెద్దమ్మ కొడతదని."

అది "నువ్వు గూడ కొడతవు" అంది.

ఇంక కొట్టనని చెప్పాలనుకున్నాను. నా చెయ్యి నాకు తెలుసు, ఎవరి దగ్గర పెరిగిందో తెలుసు. పిల్లలకు ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అందుకని నేను నిలబెట్టుకోగలిగిన మాట ఒక్కటి వెతుక్కుని, వాళ్ళిద్దరి చేతులూ పట్టుకుని చెప్పాను.

"చూసింది తప్పైనా చెప్పు. నేను కొడితే, కొట్టినంక మళ్ళీ చెప్పు. నేను వినేదాకా చెప్పు."